నార్వే చర్చి మరణ రికార్డులు: ఏ పుస్తకం తెరవాలి, ఏ మాట నమ్మాలి

మా కోడలి పూర్వీకులు నార్వేలోని గుడ్‌బ్రాండ్స్‌డాల్ లోయ నుంచి ఓడెక్కి మినెసోటా చేరినవాళ్ళు. మనవరాలికి బళ్ళో వంశవృక్షం గీసి తెమ్మన్నారు. మా వైపు మా తాతగారి నాన్న పేరు దగ్గరే నేను ఆగిపోయాను. కోడలి వైపు మాత్రం 1700ల దాకా వెళ్ళగలిగాం. అక్కడ ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా పాస్టరు పుస్తకంలో ఎక్కించేవాడు. ఇప్పటికి మిగిలిన వాటిలో అన్నిటికన్నా పాత పుస్తకాలు 1623లో మొదలవుతాయి. 1680ల నాటి రాజశాసనాలతో ఆ రాత పాస్టర్లకు తప్పనిసరి అయింది.

పుట్టుకలు, పెళ్ళిళ్ళు వెతకడం కొంత సులువే. చావుల దగ్గరే కాళ్ళు తడబడతాయి. పోయిన తేదీ తెలిస్తే ఎంత, తెలియకపోతే ఎంత అని చాలామంది వాటిని వదిలేస్తారు. అది పొరపాటని నాకు తెలిసొచ్చేసరికి మా చెట్టులో ఒక కొమ్మ మొత్తం తప్పుగా పెరిగిపోయింది. నార్వేలోనూ మనలాగే తాత పేరు మనవడికి, నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టేవాళ్ళు. ఆ పేరు పెట్టిన బిడ్డ పసితనంలో పోతే, తర్వాత పుట్టినవాడికి మళ్ళీ అదే పేరు. మా జాబితాలో 1791లో పుట్టిన ఓలే ఒకడు, 1794లో పుట్టిన ఓలే ఒకడు, ఇద్దరికీ అమ్మానాన్నలు ఒకరే. మేం మొదటి ఓలేకి పెళ్ళి చేసి, ఏడుగురు పిల్లల్ని కూడా అంటగట్టాం. వాడు రెండో ఏడు నిండకుండానే పోయాడని చావుల పేజీ తిప్పాకే తెలిసింది.

ఇండెక్సా, అసలు పేజీయా

వెతకడానికి ఇండెక్స్, నమ్మడానికి పేజీ. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇండెక్స్ అంటే ఎవరో ఆ పాత చేతిరాత చదివి పేరు, తేదీ, ఊరు కంప్యూటర్లో ఎక్కించిన పట్టిక. నిమిషంలో మనిషి దొరుకుతాడు, కాదనను. కానీ ఎక్కించినవాళ్ళు తప్పు చదివితే ఆ మనిషి మాయమైనట్టే. ఒక మారిట్ కోసం మేం నెల రోజులు తిరిగాం. ఇండెక్స్‌లో ఆవిడ బెరిట్‌గా కూర్చుని ఉంది. ఆ కాలంలో వాడిన పాత గొలుసుకట్టు లిపి, గోథిక్ రాతలో పెద్ద అక్షరాలు అంత పని చేస్తాయి. ఇంకో లోపం ఏమిటంటే, చివరి గడిలో పాస్టరు రాసుకున్న ముక్కలు చాలాసార్లు ఇండెక్స్‌లోకి రావు. ఏటిలో మునిగిపోయాడనో, మంచు కింద దొరికాడనో ఉండేది ఆ గడిలోనే.

వెతికేటప్పుడు పేరు పూర్తిగా కొట్టకండి. ఓలే అన్నవాడే ఓలా, సిద్సెల్ అన్నావిడే సిస్సెల్. మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి నక్షత్రం గుర్తు పెడితే చాలు. ఇంటిపేరు మీద అసలు ఆశ పెట్టుకోవద్దు. ఓలే హాన్సెన్ బాక్కెన్ అంటే హాన్స్ కొడుకు ఓలే, బాక్కెన్ అనే పొలంలో ఉంటాడు అని. మన ఇంటిపేర్లలోనూ ఊరి పేర్లు బోలెడు. కానీ మనం ఊరు మారినా ఇంటిపేరు మారదు, వాళ్ళకి పొలం మారితే పేరులో చివరి ముక్క మారిపోయేది. బాక్కెన్‌లో పుట్టి, హౌగెన్‌లో కాపురం పెట్టి, ముసలితనంలో కూతురి దగ్గర మోయెన్‌లో పోయిన మనిషి చావుల పుస్తకంలో మోయెన్ అనే ఉంటాడు. స్థిరమైన ఇంటిపేరు ఉండి తీరాలన్న చట్టం 1923లో గానీ రాలేదు.

మీ పారిష్‌కి, అంటే మీవాళ్ళ చర్చి కిందికి వచ్చే ప్రాంతానికి, ఇండెక్స్ లేకపోతే పేజీలు తిప్పడమే. దానికి భయపడనక్కర్లేదు, పల్లెల్లో ఒక ఏడాది చావులు కొన్ని పేజీలకు మించవు. ముందు తెలుసుకోవలసింది ప్రెస్తెయెల్ పేరు. ఒక పాస్టరు పరిధి అది, మన మండలం అనుకోండి. దాని కింద సోక్న్ అనే చిన్న ముక్కలు, ఒక్కోదానికి ఒక్కో చర్చి. పుస్తకాలు ప్రెస్తెయెల్ పేరుతో సర్ది ఉంటాయి. హద్దులు మారుతూ వచ్చాయి కాబట్టి తాత ఒక పారిష్ పుస్తకంలో, అదే పొలంలో పోయిన మనవడు ఇంకో పారిష్ పుస్తకంలో ఉండొచ్చు.

ఏ సైట్

నార్వే వరకే అయితే డబ్బులు పెట్టకండి. నార్వే జాతీయ ఆర్కైవ్స్ వాళ్ళ డిజిటలార్కివెట్‌లో స్కాన్ చేసిన పుస్తకాలన్నీ ఉచితం, ఖాతా కూడా అక్కర్లేదు. జిల్లా, పారిష్, సంవత్సరం, ఏ ఘటన అన్నది ఎంచుకుంటే నేరుగా చావుల పేజీలకు తీసుకెళ్తుంది. ఫ్యామిలీసెర్చ్ కూడా ఉచితమే, ఖాతా తెరవాలి. ఒక ఇండెక్స్‌లో దొరకని మనిషి ఇంకో దాంట్లో దొరుకుతాడు, చదివిన కళ్ళు వేరు కదా. ఆన్సెస్ట్రీ, మైహెరిటేజ్ లాంటి చందా సైట్ల అసలు లాభం అమెరికా వైపు రికార్డులు. వలస వచ్చాక అమెరికాలోని లూథరన్ చర్చిల్లో రాసిన పుస్తకాలు ఆన్సెస్ట్రీలో ఉన్నాయి. వాటిలో నార్వేలో పుట్టిన ఊరు దొరికితే ఒక నెల చందా గిట్టినట్టే. ఆ ఊరు తెలియకుండా నార్వే పుస్తకాల్లోకి దిగితే గడ్డివాములో సూది వెతికినట్టే ఉంటుంది.

పాస్టరు పుస్తకమా, క్లోక్కెర్ పుస్తకమా

1812లో వచ్చిన ఉత్తర్వుతో ఒకటే రికార్డు రెండు పుస్తకాల్లో రాయడం మొదలైంది. పాస్టరు రాసేది మినిస్తెరియాల్‌బూక్, క్లోక్కెర్ రాసేది క్లోక్కెర్‌బూక్. క్లోక్కెర్ అంటే చర్చిలో పాటలు ఎత్తుకుంటూ పాస్టరుకి చేదోడుగా ఉండే మనిషి, గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో ఉపదేశిని చూసినవాళ్ళకి కొంత అర్థమవుతుంది. చెక్క ఇళ్ళ దేశం, అంటుకుంటే ఊళ్ళే పోతాయి. అందుకే రెండు పుస్తకాలూ రాత్రిపూట ఒకే కప్పు కింద ఉండకూడదన్నది నియమం.

రెండూ ఉంటే పాస్టరు పుస్తకమే ముందు. క్లోక్కెర్ పుస్తకం చాలా చోట్ల దాన్ని చూసి రాసుకున్న నకలు, నకలులో వరసలు ఎగిరిపోతాయి, తేదీలు ఒక గడి కిందికి జారతాయి. అలాగని దాన్ని పక్కన పడేయొద్దు. 1811లో క్రిస్టియానియాలో, అంటే ఇప్పటి ఓస్లోలో, విశ్వవిద్యాలయం పెట్టేదాకా నార్వే పాస్టర్లు కోపెన్‌హాగెన్‌లో చదివొచ్చినవాళ్ళే. రాసేది డేనిష్, పొలాల పేర్లు కూడా ఆ చెవితో విన్నట్టే రాసేవాళ్ళు. క్లోక్కెర్ చాలాసార్లు ఆ ఊరివాడే, ఏ పొలం ఎక్కడుందో, దాన్ని ఏమంటారో వాడికి తెలుసు. మాకు ఒక పొలం పేరు పాస్టరు రాతలో ఎంతకీ తేలలేదు, క్లోక్కెర్ పుస్తకంలో అచ్చు గుద్దినట్టు ఉంది.

గోథిక్ రాత నేర్చుకోవడానికి కూడా ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తగల్లేదు. ఒకే పేరు, ఒకే తేదీ రెండు చేతుల్లో రాసి ఉంటుంది. ఒకదాంట్లో అర్థం కానిది రెండోదాంట్లో విప్పుకోవచ్చు. రెండూ పక్కపక్కన తెరిచి ఒక సంవత్సరం పూర్తిగా చదవండి, ఆ పాస్టరు చేయి మీకు అలవాటైపోతుంది. 'e', 'n', 'r' అక్షరాలు మూడూ ఒకేలాంటి గీతల్లా కనిపిస్తాయి. 'u' మీద మాత్రం చిన్న వంపు గీత ఉంటుంది, అది గుర్తుపెట్టుకుంటే సగం గండం గట్టెక్కినట్టే.

గడులున్న పుస్తకం, గడుల్లేని పుస్తకం

ఇక్కడ ఎంచుకునే అవకాశం మీకు లేదు, ఆ మనిషి ఏ కాలంలో పోయాడన్నదే తేలుస్తుంది. 1812 ఉత్తర్వు తర్వాత కొన్నేళ్ళలో అచ్చు ఫారాలు వచ్చాయి. వరస సంఖ్య, పోయిన రోజు, పూడ్చిన రోజు, పేరు, వృత్తి, వయసు, ఉన్న చోటు, అన్నీ గడుల్లో. 1877లో ఫారం మళ్ళీ మారింది, పుట్టిన సంవత్సరం, పుట్టిన చోటు కూడా కనిపిస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడి నుంచి వెనక్కి నడవడం మేలు. నేరుగా 1740లలో దూకితే నిరాశే మిగులుతుంది.

1812కి ముందు చాలా పుస్తకాల్లో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ కలగాపులగంగా ఒకదాని కింద ఒకటి రాసి ఉంటాయి. తేదీ కూడా తేదీలా ఉండదు. "త్రిత్వ పండుగ తర్వాత మూడో ఆదివారం" అని లాటిన్‌లో కుదించి రాస్తారు. నీ పుట్టినరోజు అట్లతద్ది మర్నాడు అని చెప్పే మన నాయనమ్మల లెక్కే. తెలుగు లూథరన్ ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఈ ఆదివారాల పేర్లు చర్చి పంచాంగంలో చూసినవే. ఈస్టర్ ఏటేటా జరుగుతుంది కాబట్టి ఈ ఆదివారం కూడా జరుగుతుంది. 1742లో ఈస్టర్ మార్చి 25న వచ్చింది, త్రిత్వ పండుగ తర్వాత మూడో ఆదివారం జూన్ 10 అయింది. మరుసటి ఏడు ఈస్టర్ ఏప్రిల్ 14, అదే ఆదివారం జూన్ 30. అంచనాతో రాస్తే ఇరవై రోజులు తప్పుతుంది. ఆ సంవత్సరం ఈస్టర్ ఎప్పుడో చూసి లెక్క కట్టండి, త్రిత్వ పండుగ ఈస్టర్‌కి సరిగ్గా ఎనిమిది వారాల తర్వాత వస్తుంది.

1700కి ముందైతే ఇంకో మెలిక. ఆ ఏడాది ఫిబ్రవరి 18 మర్నాడు మార్చి 1 అయింది, పాత క్యాలెండర్ వదిలి కొత్తది పట్టుకున్నారు. కాబట్టి 1600ల పుస్తకాలకి పాత క్యాలెండర్ ఈస్టర్ పట్టికే వాడాలి.

నెలల కుదింపులు కూడా చూసుకోవాలి. ఎనిమిది అంకె వేసి పక్కన 'బిఆర్' అక్షరాలు ఉంటే అది ఆగస్టు కాదు, అక్టోబర్. లాటిన్‌లో ఎనిమిదిని అక్టో అంటారు కదా. ఏడు వేస్తే సెప్టెంబర్, తొమ్మిది వేస్తే నవంబర్, రోమన్ పది వేస్తే డిసెంబర్. ఈ ఒక్కటి తెలియక మా పట్టికలో ఇద్దరిని అంత్యక్రియలయ్యాక చంపాం.

ఈ పాత పుస్తకాల్లో పోయిన రోజు తరచుగా ఉండదు, పూడ్చిన రోజే ఉంటుంది. దాన్ని మరణ తేదీ అని మీ చెట్టులో రాయకండి. చలికాలంలో నేల గడ్డకట్టి తవ్వలేక వారాల తరబడి ఆగిన సందర్భాలున్నాయి. పాస్టరు ఎప్పుడో గానీ రాని మారుమూల చర్చిల్లో ఊరివాళ్ళే పూడ్చేసి, ఆయన వచ్చినప్పుడు సమాధి మీద మట్టి వేయించేవాళ్ళు. దాన్ని యోర్డ్‌పోకాస్టెల్సె అంటారు. పుస్తకంలో ఎక్కింది ఒక్కోసారి ఆ మట్టి వేసిన రోజే.

ఏ గడిని ఎంత నమ్మాలి

పాస్టరు కళ్ళారా చూసింది గట్టిది, ఎవరో చెప్తే రాసుకున్నది మెత్తది. పూడ్చిన తేదీ గట్టిది, చోటు కూడా అంతే. వయసు మెత్తది. ఎనభై ఏళ్ళ ముసలమ్మ వయసు కోడలో పక్కింటివాడో చెప్పినదే. నాలుగైదేళ్ళు అటూ ఇటూ అవడం మామూలు, అరవై, డెబ్బై లాంటి గుండు సంఖ్యలైతే మరీ అనుమానించండి. పసిపిల్లల వయసు మాత్రం వారాలు, రోజులతో సహా రాస్తే నమ్మొచ్చు. ఆ రోజుల్ని వెనక్కి లెక్కపెడితే బాప్తిస్మం రికార్డు దొరుకుతుంది.

వయసులోనే ఒక మాట తేడా ఉంది, దాన్ని ఇంగ్లీషు అనువాదాలు తరచూ చెడగొడతాయి. తెలుగువాళ్ళం మనం చెడగొట్టకూడదు. "తన 45వ యేట" అని రాస్తే 44 నిండాయని అర్థం, మనం అన్నట్టే. "45 ఏళ్ళ వయసు" అంటే 45 నిండాయి. ఆ చిన్న మాట ఉందో లేదో చూసి మరీ పుట్టిన సంవత్సరం లెక్క కట్టండి.

ఆడవాళ్ళ పేర్లు ఈ పుస్తకాల్లో కష్టం. పెళ్ళయినా తండ్రి పేరుతోనే, అంటే ఫలానావాడి కూతురు అన్న పేరుతోనే, ఉండేవాళ్ళు కాబట్టి పేరు రాస్తే గొప్ప ఆధారం దొరికినట్టు. కానీ 1700లలో చాలాచోట్ల "ఓలే బాక్కెన్ భార్య" అని ముగించేశారు. ఓలేకి ఇద్దరు భార్యలుంటే పోయింది ఎవరో ఆ పేజీ చెప్పదు. తర్వాతి పిల్లల బాప్తిస్మంలో తల్లి పేరు మారిందా అని చూడాలి.

వృత్తి గడి చిన్నదే గానీ మనిషి బతుకంతా అందులో ఉంటుంది. గోర్‌మన్ అంటే సొంతంగానో కౌలుకో పొలం చేసుకునే రైతు. హుస్‌మన్ అంటే ఆ రైతు నేలలో చిన్న ఇల్లు వేసుకుని, బదులుగా పని చేసేవాడు. ఇన్నెర్స్ట్ ఇంకొకరి ఇంట్లో తలదాచుకునేవాడు. లెగ్ద్‌స్‌లెమ్ అన్న మాట మొదటిసారి చూసినప్పుడు నాకు వారాలబ్బాయిలు గుర్తొచ్చారు. కొన్ని పొలాలను ఒక జట్టుగా కట్టి, గతిలేనివాళ్ళను వంతులవారీగా ఒక్కో ఇంట్లో కొన్నాళ్ళు ఉంచేవాళ్ళు. మనవాళ్ళు చదువు కోసం ఇల్లిల్లూ తిరిగారు, వీళ్ళు ముసలితనంలో తిరిగారు. అలాంటి మనిషి పోయిన పొలం పేరు చూసి అదే సొంత ఊరనుకుంటే దారి తప్పినట్టే.

చావుకి కారణం 1800ల మొదట్లో చాలా పేజీల్లో ఉండదు, ప్రమాదమైతేనే రాసేవాళ్ళు. తర్వాత రాసినా డాక్టరు మాట అనుకోకండి. బ్రిస్ట్‌సీగె అంటే ఛాతీ జబ్బు, క్షయ కావచ్చు, న్యుమోనియా కావచ్చు. తేరింగ్ అంటే శుష్కించిపోవడం, సాధారణంగా క్షయ. కొప్పెర్ మశూచి, బ్లూద్‌గాంగ్ రక్త విరేచనాలు, బార్సెల్‌సెంగ్ అని ఉంటే బాలింతగా పోయింది. ఒక్కరి గడి చూసి తేల్చకుండా ఆ నెలంతా చదవండి. 1742, 1773, 1809 పేజీలు చూస్తే పక్కపక్క పొలాల్లో వరసగా పోయారు, కారణం గడి లేకపోయినా కరువూ రోగమూ వరసల్లోనే కనిపిస్తాయి.

చావుల పుస్తకం పక్కన ఏం పెట్టుకోవాలి

పోయినవాడికి ఆస్తి, మైనరు పిల్లలు ఉంటే షిఫ్టె రికార్డు వెతకండి. అంటే ఆస్తి పంపకాల దస్తావేజు. బంధుత్వాలకి చావుల పుస్తకం కన్నా ఇదే మేలు. వారసులందరి పేర్లు, పిల్లల వయసులు, పెళ్ళయిన కూతుళ్ళ భర్తలు, ఆవులు ఎన్ని, అప్పులు ఎవరికి, అన్నీ ఉంటాయి. డబ్బు పంచేటప్పుడు వారసుణ్ణి మర్చిపోనివ్వరు కదా. 1854 దాకా కొడుకు వాటాలో సగమే కూతురికి. పేర్ల పక్కన అంకెలు చూస్తే ఎవరు అన్న, ఎవరు చెల్లి తెలిసిపోతుంది. హుస్‌మన్‌లకి, ఏమీ లేనివాళ్ళకి మాత్రం షిఫ్టె దొరకడం అరుదు, వాళ్ళకి చర్చి పుస్తకమే దిక్కు.

సమాధి రాళ్ళ మీద ఆశ వద్దు. నార్వేలో సమాధికి 20 ఏళ్ళ కనీస గడువు, ఆ తర్వాత రుసుము కట్టేవాళ్ళు లేకపోతే ఆ చోటు ఇంకొకరికి. ముత్తాత రాయి చూద్దామని విమానమెక్కే ముందు స్లెక్ట్ ఓగ్ డాటా అనే వంశచరిత్ర సంఘం వాళ్ళ సమాధుల జాబితా ఒకసారి చూసుకోండి.

బిగ్డెబూక్ అనే పుస్తకాలు మరో దారి. ఒక ప్రాంతంలోని పొలాలన్నీ, వాటిలో కాపురమున్న తరాలన్నీ వరసగా రాసిన స్థానిక చరిత్రలు. నార్వేలో ఉంటున్న తెలుగువాళ్ళు ఈ విషయంలో అదృష్టవంతులు, నేషనల్ లైబ్రరీ సైట్‌లో చాలా పుస్తకాలు అక్కడి ఇంటర్నెట్‌కే తెరుచుకుంటాయి. వేగంగా పని కావాలంటే ముందు ఇది చదవండి. కానీ ఆ రచయితా ఇవే చర్చి పుస్తకాలు చదివి రాశాడు. అతనికీ రెండు ఓలేలు ఎదురయ్యే ఉంటారు. కాబట్టి దారి చూపడం వరకే దాని పని.

వయసు సరిచూసుకోవడానికి 1801, 1865, 1875, 1900, 1910 జనాభా లెక్కలు ఉన్నాయి, అన్నీ పేర్లతో. కారణం గడిలో స్పెదాల్స్క్ అన్న మాట, అంటే కుష్ఠు, కనిపిస్తే మాత్రం వేరే దారి ఉంది. నార్వే 1856లోనే దేశమంతటికీ కుష్ఠు రోగుల రిజిస్టర్ పెట్టింది. ఆర్మౌర్ హాన్సెన్ అనే డాక్టరు 1873లో ఆ రోగ క్రిమిని గుర్తించింది బెర్గెన్‌లోనే. ఆ ఊరి ఆర్కైవ్స్‌లో రోగుల వివరాలు చర్చి గడి కన్నా ఎంతో ఎక్కువ.

మీరే చదవాలా, యంత్రానికివ్వాలా, మనిషినడగాలా

ట్రాన్స్‌క్రిబస్ లాంటివి పాత చేతిరాతని చదివిపెడతాయి. పేజీల కొద్దీ సాగే షిఫ్టె దస్తావేజుకి నేను వాడతాను, సారాంశం అందుతుంది. చావుల పేజీకి వాడను. వాక్యంలో ఒక మాట తప్పినా పక్క మాటలు పట్టిస్తాయి, గడిలో ఒంటరిగా ఉన్న పొలం పేరుని పట్టించేది ఏదీ లేదు. యంత్రం ధైర్యంగా ఇంకో పొలం పేరు రాసేస్తుంది. ఆ పారిష్‌లోని పొలాల జాబితా పక్కన పెట్టుకుని మీరు చదివితే వచ్చే ఫలితమే మెరుగు. ఉండగలిగిన పేర్లు వందో రెండు వందలో, వాటిలో ఏది ఈ గీతలకి సరిపోతుందన్నదే ప్రశ్న.

1820 తర్వాతి పేజీలైతే రెండు మూడు వారాల్లో మీకే వచ్చేస్తాయి. 1750కి ముందువి, లాటిన్ కలిసినవి అయితే చదవగలిగినవాళ్ళని అడగండి, డబ్బిచ్చి అయినా సరే. అడిగేటప్పుడు ఆ ఒక్క వరస కత్తిరించి పంపొద్దు. పుస్తకం పేరు, సంవత్సరం, పేజీ, స్కాన్ లింకు ఇవ్వండి. చదివేవాళ్ళు అదే చేతి రాసిన మిగతా వరసల్లో ఆ అక్షరం ఎలా ఉందో చూసి పోల్చుకుంటారు. మీకు అనిపించిన పేరు కూడా ముందే చెప్పకండి. చెప్తే వాళ్ళ కంటికీ అదే కనిపిస్తుంది, మా మారిట్ విషయంలో ఒకాయనకి అలాగే అయింది.